కాలుతుందని కింద పెట్టిన కాఫీ

ఓడలో కాఫీ ఉదయం అయిదున్నరకు మొదలవుతుంది. పై అంతస్తులో, భోజనాల హాలు బయట, ఆకాశం కనబడే చోట ఒక బల్ల వేస్తారు. దాని మీద బొత్తాలున్న యంత్రం, పక్కన దొంతరగా పేర్చిన కాగితం కప్పులు. హాలు తలుపులు ఏడింటిదాకా తెరవరు. రాత్రి పొద్దుపోయేదాకా పాటలూ ఆటలూ అయ్యాక పడుకున్న జనం ఎనిమిదికి గానీ లేవరు కాబట్టి, ఆ గంటన్నరసేపు అక్కడ మనిషి అలికిడి తక్కువ. నేను జీవితమంతా నాలుగున్నరకు లేచినవాణ్ణి. మా వంశంలో సూర్యుడి తర్వాత లేచిన మగవాడు లేడని మా నాయన చెప్పేవాడు. ఆస్తి పోయింది గానీ ఆ అలవాటు పోలేదు.

ఆ ఓడ నేను ఎక్కింది నా డబ్బుతో కాదు. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. బళ్లారిలో ఒక సిమెంటు అంగడిలో నేను ఉత్తరాలు, పన్నుల కాగితాలు చూస్తాను. పదకొండేళ్లుగా అదే పని. అమ్మకాల్లో మా వైపు డీలర్లందరినీ దాటాడని అంగడి యజమానికి కంపెనీవాళ్లు ఇద్దరికి సరిపడా ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు. ముంబయిలో ఎక్కి, లక్షదీవులు చూసి, మళ్లీ ముంబయిలో దిగాలి. నాలుగు రాత్రులు. ఆయన భార్యకు నీళ్లంటే భయం. కాలువ గట్టు మీద కూడా నడవదు. అందుకని తల్లిని తీసుకుపోవాలనుకున్నాడు. తను ఓడలో కంపెనీ పెట్టే డీలర్ల మీటింగుల్లో ఉన్నప్పుడు ఆమెను ఒంటరిగా వదలడం ఇష్టం లేక, మూడో టిక్కెట్టు తానే కొని నన్ను రమ్మన్నాడు.

"మీరుంటే అమ్మకు ధైర్యం సార్. మన ఊరి మనిషి పక్కన ఉండాడంటే ఆమెకు బాగుంటాది" అన్నాడు.

నేను రెండు రోజులు ఆలోచిస్తున్నట్టు ఉండి, తర్వాత సరేనన్నాను. పనివాడిగా కాదు, పెద్దమనిషిగా పిలిచాడని నాకు నేను చెప్పుకున్నాను.

ఆయన మన ఊరు అన్నది చోరనూరు దాటాక ఉన్న ఒక చిన్న ఊరు. అక్కడి పొలాల్లో సగం ఒకప్పుడు మా తాతవి. మా నాయన కాలానికి హద్దుల కోర్టు వ్యవహారాల్లో కొంత, ఇనుపరాయి గనుల మీద పెట్టుకున్న ఆశలో కొంత పోయాయి. మా ఇంటి పెద్ద వాకిలి తలుపులు కొన్నవాళ్లు వాటిని ఊడదీసి లారీలో వేసుకుంటుంటే నేను చూడలేక లోపలి గదిలో కూర్చున్నాను. ఇప్పుడు బళ్లారి కంటోన్మెంటులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. భార్య పోయి ఆరేళ్లయింది. చొక్కాకు గంజి నేనే పెట్టుకుంటాను.

ఇక యజమాని తల్లి. ఆమె, ఆమె భర్త మా ఇంట్లో పని చేసినవాళ్లు. ఆయన మా సేద్యగాడు. ఆమె తెల్లవారుజామున వచ్చి పశువుల కొట్టంలో పేడ ఎత్తి, కసువు ఊడ్చి పోయేది. కొడుకు పుట్టక ముందే వాళ్లు ఊరు వదిలి బళ్లారి చేరారు. ఆ కొడుకు పెద్దవాడై, కుడతినిలో కరెంటు ప్లాంటు కట్టే రోజుల్లో సిమెంటు మూటలు దించే కూలిగా చేరి, మేస్త్రీ అయి, చివరికి సొంత అంగడి పెట్టాడు. నాకు పని లేదని ఎవరి ద్వారానో విని, ఇంటికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, అంగడికి రమ్మని అడిగాడు. నేను వెళ్లాను.

మొదటి ఉదయం నేను పైకి వెళ్లేసరికి యంత్రం దగ్గర ఎవరూ లేరు. కప్పు నింపుకుని రెయిలింగు దగ్గరకు పోయాను. వెలుగు ఇంకా పూర్తిగా రాలేదు. తొలివాన పడ్డ మరుసటి రోజు దున్నిన నల్లరేగడి పొలంలా ఉంది సముద్రం. ఎటు చూసినా చాళ్లు, చాళ్ల అంచున తడి మెరుపు. కనుచూపు మేరలో గట్టు లేదు, హద్దురాయి లేదు. హద్దుల కోసం ముప్పై ఏళ్లు కోర్టు మెట్లు ఎక్కిన ఇంట్లో పుట్టినవాడికి అది వింతగానూ, హాయిగానూ అనిపించింది. కాఫీ గొప్పదేమీ కాదు. పొడిపాలు, వాసన లేని డికాషన్, ఎక్కువైన చక్కెర. అయినా వేళ్లకు వేడి తగులుతుంటే, ముఖానికి ఉప్పుగాలి కొడుతుంటే, ఎవరికీ సమాధానం చెప్పనక్కరలేని ఆ కొద్దిసేపు నాకు చాలాకాలానికి దొరికిన సుఖం.

మా ఇంట్లో పాత్రకు పెదవి తగిలించి ఎవరూ తాగరు. నీళ్లయినా, మజ్జిగయినా, పొగలు కక్కే కాఫీ అయినా తల వెనక్కి వాల్చి ఎత్తి పోసుకోవడమే. అంగట్లో కూడా నా స్టీలు గ్లాసు వేరేగా ఉంటుంది. దాన్ని తెచ్చుకోవడం మరిచాను. అలవాటు కొద్దీ ఆ కాగితం కప్పునే ఎత్తి పోసుకున్నాను. సముద్రపు గాలి ఆ ధారను మధ్యలోనే అందుకుని నా చెవి మీద, మెడ మీద, గంజి పెట్టిన తెల్లచొక్కా మీద చల్లింది.

వెనక నుంచి చిన్న నవ్వు వినిపించింది.

"గాలికి ఎత్తి తాగితే అంతేనయ్యా. నోరు పెట్టి తాగు. ఈడ ఎవురు చూస్తాండారు నిన్ను."

ఆమే. గోడ వారన, కుర్చీల వరుస వెనక, నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. వయసు డెబ్బై పైన. చలికి కొడుకు కొనిచ్చిన స్వెటర్ చీర మీద తొడుక్కుంది, బొత్తాలు మాత్రం పెట్టుకోలేదు.

"ఎంతసేపయింది వచ్చి?" అని అడిగాను.

"నాలుక్కే వచ్చినా. ఆ గదిలో నిద్ర పడితే గదా. పరుపు గుంతలో పడినట్లుండాది. మావోడు ఒకటే గురక. లిఫ్టు కాడ ఒకామెకు పైకి చెయ్యి చూపిస్తి, తెచ్చి ఇడిసిపాయ."

"కుర్చీలున్నాయి కదా."

"కుర్చీలో కూసుంటే నాకు కాళ్లు యాలాడతాయి. నీకేమయ్యా, నిట్రాట మాదిరి పొడుగ్గుంటావు, యాడైనా కూసుంటావు."

నేను అడిగిన ప్రశ్నలు మళ్లీ చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. వాటిలో నువ్వు లేదు, మీరు లేదు. మా ఊళ్లో ఉన్నప్పుడు ఆమెను ఏమే అనేవాళ్లం. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదైనా నేనూ అలాగే అనేవాణ్ణి. కొడుకు ముందు ఇప్పుడు మీ అమ్మగారు అంటాను. ఆమెతో నేరుగా మాట్లాడవలసి వస్తే మాత్రం పదకొండేళ్లుగా ఇలాంటి వాక్యాలు వెతుక్కుంటున్నాను. ఏమే అనడానికి నోరు రాదు, మీరు అనడానికి మెడ వంగదు. తెలుగులో ఈ రెండింటికీ మధ్య నడవడానికి కొంచెం చోటు ఉంది. నేను అందులోనే నడుస్తూ వచ్చాను.

"అయ్యా, ఆ మిషను నాకు తెలీదు. రోంత కాఫీ పట్టిస్తావా?" అంది.

వెళ్లి కప్పు నింపి తెచ్చాను. ఆమె చెయ్యి చాపింది. లేదా చాపబోయింది, సరిగ్గా గుర్తులేదు. నేను వంగి, కప్పును ఆమెకు మూరెడు దూరంలో నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాను. నేను వెనక్కి వేసేదాకా ఆమె ఆగి, అప్పుడు ముందుకు వంగి కప్పు తీసుకుంది. ఇదంతా ఒక ఊపిరిలో జరిగిపోయింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఆలోచించలేదు. మా ఇద్దరి ఒళ్లకూ ఆ వరస ఇంకా గుర్తుంది.

ఆమె తాగుతోంది. చుట్టూ ఎవరైనా చూశారేమోనని చూశాను. ముందు నాకు వచ్చిన ఆలోచన అదే, ఆమె గురించి కాదు.

ఆ వరస ఎక్కడ నేర్చుకున్నామో చెప్పాలి. మా ఇంట్లో పనివాళ్లకు పొద్దున్నే కాఫీ ఇచ్చేవాళ్లు. ఊళ్లో మిగతా ఇళ్లలో అది కూడా లేదని మాకు గర్వం. ఆమె గ్లాసు కొట్టం గోడలోని గూట్లో ఉండేది. ఆమె దాన్ని కడిగి, గడప బయటి బండ మీద పెట్టి, దూరం జరిగేది. ఇంట్లోవాళ్లు కొమ్మున్న ఇత్తడి చెంబుతో పైనుంచి పోసేవాళ్లు. పోసినవాళ్లు వెనక్కి జరిగాక ఆమె గ్లాసు తీసుకునేది.

ఒక చలికాలం మా అమ్మకు జ్వరం వస్తే నేను పోశాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, కాలేజీ సెలవులకు ఇంటికి వచ్చాను. ఆమె నిండు గర్భిణి. ఎందుకో ఆ రోజు గ్లాసును బండ మీద పెట్టకుండా చేత్తో పట్టుకుని ఎత్తింది. వంగలేకపోయి ఉంటుందని ఇప్పుడు తోస్తుంది. గ్లాసు అంచు చెంబు కొమ్ముకు తగిలింది. చప్పుడు కూడా కాలేదు. నేను ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

"తగిలింది" అన్నాను, లోపలికి వినబడేలా.

మా అవ్వ వచ్చింది. చెంబులో కాఫీ మొత్తం తూములో పోయించింది. చెంబును చింతపండుతో తోమించి నిప్పుల మీద కాల్పించింది. ఆమె అంతసేపూ ఖాళీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. అవ్వ ఏమేమో అంది. నేను లోపలికి పోయి, ఇంకో చెంబులో కలిపిన కాఫీ తాగి, పుస్తకం తీసుకున్నాను. తర్వాత కొన్ని రోజులకు వాళ్లు ఊరు వదిలారు. బళ్లారిలో కూలి ఎక్కువని పోయారని మా ఇంట్లో అనుకున్నారు. నేనూ అదే నమ్మాను. నమ్మడానికి వీలుగా ఉండింది.

ఆమెకు అది గుర్తు లేదని కూడా ఇన్నాళ్లూ అనుకున్నాను. గుర్తుంటే ఆ కొడుకు నా ముందు చేతులు కట్టుకుని ఎందుకు నిలబడతాడు?

ఓడ దిగేలోపు ఒక్కసారైనా ఆమె చేతికి కప్పు అందివ్వాలని ఆ పూట అనుకున్నాను. ఇంకా మూడు ఉదయాలున్నాయి. చాలా చిన్న పని. పోస్టు ఇచ్చే మనిషి కూడా చేసే పని.

రెండో ఉదయం లక్షదీవుల దగ్గర ఓడ ఆగి ఉంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి, దూరంగా కొబ్బరిచెట్ల గీత. ఆమె అదే చోట, నేల మీద. నేను రెండు కప్పులు నింపి, ఆమెది కుడిచేత్తో పట్టుకుని దగ్గరకు వెళ్లి చెయ్యి చాపాను.

ఆమె తీసుకోలేదు. నేల వైపు చూపించింది.

"ఆడ పెట్టయ్యా."

"పరవాలేదు."

"పెట్టయ్యా. నీకు అలవాటు, నాకూ అలవాటు. ఈ వయసులో ఎందుకు."

పెట్టాను. ఇంకోసారి చెప్పి ఉంటే తీసుకునేదేమో. నేను చెప్పలేదు. నిజానికి చెయ్యి దించుతున్నప్పుడు కొంచెం తేలిక కూడా అనిపించింది. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆమె కాఫీ ఊదుకుంటూ, నీళ్ల వైపు చూస్తూ మాట్లాడింది. కోపం లేదు. వాన గురించి చెప్పినట్టు చెప్పింది.

"తగిలింది అంటివి సూడు, ఆ పొద్దు. మా ఆయనకు తెలిసి ఒకటే గలాటా. ఒక గలాసు కాఫీకి కడుపుతో ఉన్న దాన్ని అంతసేపు నిలబెడతారా అని. మీ నాయన కాడికి పోయి అడుగుతానన్యాడు. నేనే కాళ్లు పట్టుకోని ఆపితి. ఆ వారంలోనే మూట కట్టుకోని బళ్లారికి పోతిమి. ఈడు ఆడ పుట్టినాడు, మట్టి తట్టలు మోసే తావులో, చెట్టు కింద."

"కూలి ఎక్కువని పోయారనుకున్నాం."

"కూలి యాడ ఎక్కువయ్యా. మొదటి ఏడాది గంజికి కూడా కష్టమే." ఆమె నవ్వింది. "కాఫీ మటుకు టీ బండి కాడ మా ఆయన రోజూ తాపించేవాడు. తాగు, ఈడ ఎవురికీ తగలదు అని."



"నీ కొడుక్కి తెలుసా?" అన్నాను. నువ్వు అనే వరసలోనే వచ్చింది మాట. కొడుకు సంగతి అడిగేటప్పుడు మధ్యదారి దొరకలేదు.

"చెప్పల్యా. మంచి ఇల్లు, కాఫీ ఇచ్చే ఇల్లు అనే చెప్పినా. వాళ్ల నాయన కూడా చెప్పల్యా. ఈడు మొండోడు. చెప్తే నిన్ను అంగట్లో పెట్టుకుంటాడా? పెట్టుకున్యా నువ్వు ఆడ తలెత్తుకోని కూసుంటావా? సాకు, చాల్లే పోనీ అనుకున్యా."

తప్పయింది అనే మాట నా గొంతు దాకా వచ్చింది. ఆ మాట మా ఇంట్లో మగవాళ్లు పనివాళ్లతో అనగా నేను ఎన్నడూ వినలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. 'ఆ రోజు నేను' అని మొదలుపెట్టాలా, 'ఆ రోజు మా ఇంట్లో' అని మొదలుపెట్టాలా? ఆలోచిస్తుండగా హాలు తలుపులు తెరిచారు, జనం వచ్చారు. ఆమె మోకాళ్ల మీద చెయ్యి వేసి లేచింది.

ఆ పగలు దీవికి తీసుకుపోయే పడవలో ఆమెను చెయ్యి పట్టి ఎక్కించింది ఓడవాళ్లు. నేను ఆమె సంచి పట్టుకున్నాను. సంచి పట్టుకోవడం నాకు కష్టం అనిపించలేదు. మనిషిని ముట్టుకోనక్కరలేదు కదా.

మూడో ఉదయం ఇంకా గట్టిగా అనుకుని పైకి వెళ్లాను. గదిలో అద్దం ముందు నిలబడి, తీసుకోండమ్మా అని రెండుసార్లు అనుకున్నాను కూడా. వెళ్లేసరికి ఆమె నన్ను చూసి, నేను అడగక ముందే వేలితో నేల చూపించింది. నేను నాలుగడుగుల దూరం నుంచే ఆ వేలికి లొంగిపోయాను. కప్పు నేల మీద పెట్టి, నడుము ఎత్తుతుండగా మెట్ల వైపు నుంచి ఆమె కొడుకు వచ్చాడు. వెంట కర్నూలు డీలరు ఒకాయన.

"ఏంది సార్, కింద పెట్టినారు? ఓడ ఊగితే ఒలికిపోతాది గదా. అమ్మ చేతికియ్యండి" అన్నాడు. మాటలో ఏ అనుమానమూ లేదు.

నేను నోరు తెరిచే లోపల ఆమె అంది: "కాలతాండాదప్పా. నేనే పెట్టమంటి. నీకేంది మధ్యలో."

కొడుకు వంగి కప్పు తీసి, వేలితో తడిమి చూశాడు. "యాడ కాలతాండాది? గోరువెచ్చగుండాది గదమ్మా."

"తెచ్చినప్పుడు కాలతాండె."

ఆయన నవ్వుతూ కప్పు ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత కర్నూలాయనకు నన్ను పరిచయం చేశాడు. చోరనూరు దాటాక మా ఊళ్లో వీళ్లదే పెద్దిల్లు అన్నాడు. "మా అమ్మా నాయనా వీళ్లింట్లో ఉండినోళ్లే అన్నా. ఆ కాలంలో పనోళ్లకు పొద్దున్నే కాఫీ ఇచ్చిన ఇల్లు అదొకటే. మా అమ్మ ఇప్పటికీ చెప్తాది. అట్లాంటోళ్లు ఇప్పుడు మా అంగట్లో కూసుంటే అంగడికే ఒక కళ."

కర్నూలాయన రెండు చేతులూ జోడించాడు. "పెద్దలు సార్ మీరు."

అప్పుడు చెప్పవచ్చు. ఆ కాఫీ ఎలా ఇచ్చేవాళ్లమో చెప్పవచ్చు. కనీసం, కాలుతుందని కాదు అని ఒక్క మాట అనవచ్చు. నేను వెన్ను నిటారుగా పెట్టి, మా తాత నమస్కారం అందుకునే పద్ధతిలో తల కొంచెం మాత్రమే వంచాను. ఆమె సముద్రం వైపు చూస్తూ కాఫీ తాగుతోంది. అరవై ఎనిమిదేళ్ల మగవాణ్ణి, ఆమె చెప్పిన ఒక చిన్న అబద్ధం చాటున నిలబడి ఉన్నాను. మా అవ్వ ముందు ఆమె ఖాళీ గ్లాసుతో నిలబడినప్పుడు నేను ఆమె కోసం అబద్ధం చెప్పలేదు. ఆ అబద్ధానికి ఒక్క మాట కూడా అక్కరలేదు, ఊరుకుంటే చాలేది.

ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఇంకొక్క ఉదయమే ఉంది.

నాలుగో ఉదయం ఓడ ముంబయికి దగ్గరపడింది. నీళ్ల రంగు మారి, దూరంగా పొగమంచులో పెద్ద మేడలు కనబడుతున్నాయి. దిగేవాళ్ల హడావుడి అప్పుడే మొదలైంది. కారిడార్ల నిండా పెట్టెలు. యంత్రం దగ్గర పెద్ద గుంపు. నా వంతు వచ్చేసరికి యంత్రం ఒక కప్పు నింపి, బుసకొట్టి ఆగిపోయింది. పాలు అయిపోయాయట, ఇక పోయరట.

ఆ ఒక్క కప్పు పట్టుకుని వెళ్లాను. ఆ రోజు ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. నేల తడిగా ఉందని కొడుకు కూర్చోబెట్టి పోయాడట. కాళ్లు నిజంగానే నేలకు అందడం లేదు.

నేను ఆమెకు ఎదురుగా నిలబడి, రెండు చేతులతో కప్పు చాపాను.

"తీసుకోండమ్మా" అన్నాను.

ఆ మాట నా గొంతులా వినిపించలేదు. ఆమె నా ముఖంలోకి చూసింది. నేల వైపు చూపించలేదు. చెయ్యి చాపి కప్పు తీసుకుంది. ఆమె వేళ్లు నా వేళ్లకు ఆనాయి. గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. నేను వెనక్కి అడుగు వెయ్యలేదు. అలా నిలబడగలిగినందుకు నాకు లోపల ఎంత తృప్తి కలిగిందంటే, అంతా సరి అయిపోయిందనే అనుకున్నాను.

ఆమె రెండు గుక్కలు తాగింది. "నీదేదయ్యా?"

"అయిపోయింది. ఇదొక్కటే దొరికింది. మీరు తాగండి."

"నువ్వు పొద్దున్నే కాఫీ ల్యాకుంటే ఎట్లుంటావో నాకు తెలీదా? మూడు దినాల్నుంచి చూస్తాండా." ఆమె కప్పు నా వైపు చాపింది. "సగముండాది. తాగు."

ఆమె మామూలుగానే చాపింది. కూలి జనం నీడలో కూర్చుని ఒక చెంబు మజ్జిగ ఒకరి తర్వాత ఒకరు తాగినట్టు, ఇందులో ఏముంది అన్నట్టు. నన్ను పరీక్షించాలని కాదు. నేను 'మీరు' అన్నాను, చేతికి ఇచ్చాను. అందుకని ఆమె ఇంకో అడుగు దగ్గరకు వచ్చింది, అంతే.

నా చెయ్యి లేచింది. నిజంగా లేచింది. కానీ నా కన్ను కప్పు అంచు మీద పడింది. అక్కడ ఆమె పెదవి తడి ఉంది, వక్కాకు ఎరుపు సన్నని గీతగా ఉంది. ఎంగిలి అనే మాట నేను అనుకోలేదు. ఆ మాట నన్ను అడగకుండానే వచ్చి నా చేతిని పట్టుకుంది. పెదవి తగలకుండా ఎత్తి పోసుకుంటే సరిపోతుందని కూడా ఆ క్షణంలో లెక్క వేశాను. ఆ లెక్క వేస్తున్నంతసేపు నా చెయ్యి గాలిలో ఆగిపోయింది.

ఒక్క ఊపిరి సేపు. అంతకంటే ఎక్కువ కాదు.

ఆమెకు అది చాలు. మా ఇంటి మనుషుల చేతులు ఎక్కడ ఆగుతాయో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కప్పు వెనక్కి తీసుకుంది.

"చల్లారిపాయలే అయ్యా" అంది. "ఇది నువ్వేం తాగుతావు. నేనే తాగేస్తా."

మిగిలింది తాగేసి, కప్పును చేతిలో నలిపి, చుట్టూ చూసి బుట్టలో వేసింది. కుర్చీలోంచి దిగడానికి చేతులు ఆనించుకుంటుంటే నేను సాయం పట్టబోయాను. ఆమె అప్పటికే దిగి నిలబడింది.

"పదయ్యా. వాడు కింద కాసుకోని ఉంటాడు."

కింద హాల్లో పెట్టెల పక్కన కొడుకు నిలబడి ఉన్నాడు. తల్లిని చూసి, "చెన్నాగుండెనా అమ్మా ఓడ? సార్ బాగా చూసుకున్యారా?" అని అడిగాడు.

"ఊ. బాగుండె. ఏమీ తక్కువ చేయల్యా" అంది ఆమె. అని, స్వెటర్ విప్పి మడత పెట్టుకోవడంలో పడింది.

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ రుణం తీర్చుకోలేను సార్."

"దాందేముంది" అన్నాను.

తిరిగి వచ్చి ఏడు నెలలైంది. ఆమె పండగలకూ, అమావాస్య పూజకూ అంగడికి వస్తుంది. నన్ను చూసి, "బాగుండావా అయ్యా" అంటుంది. నేను, "బాగున్నానమ్మా, మీరు?" అంటాను. 'మీరు' ఇప్పుడు సులువుగానే వస్తోంది. దాని వల్ల ఆమెకు గానీ నాకు గానీ ఏమీ మారలేదు. అంగడి కుర్రవాడు టీ, కాఫీ తెచ్చినప్పుడు ఆమె ముందుగా తన కప్పు తీసుకుని, కొంచెం అవతలకు జరిగి తాగుతుంది. నాకు ఇబ్బంది లేకుండా.

కొడుక్కి ఆమె చెప్పదు. చెప్పవలసింది నేను. ఎన్నోసార్లు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేకపోతే రాసి ఇద్దామనుకున్నాను. అంగడి ఉత్తరాలన్నీ నేను కన్నడలోనే రాస్తాను. ఆయన ఒక్కొక్క వాక్యం చదివి సంతకం పెడతాడు. ఆయన చదివింది కన్నడ బడి. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గానీ, తెలుగులో తన పేరు రాసినా గుర్తుపట్టలేడు. ఆమెకు ఏ అక్షరమూ రాదు.

ఇదంతా నేను తెలుగులో రాశాను.